తుడిచేసిన చదరం

"నా పటం మీద ఎండుచాపలు పోసిందెవలు?"

అరుణశ్రీ గొంతు వాకిట్లోంచి వంటింటి దాకా వచ్చింది. అన్నం వార్చబోతున్న సుశీలాబాయి చేయి ఆగింది. పోసింది తనే. వారం రోజుల ముసురు తర్వాత ఆ పొద్దున్నే కాస్త ఎండ కనిపించింది. డబ్బాలో చేపలు మెత్తబడి వాసన పట్టాయి. ఆరబోయడానికి చేట చాలలేదు. బీరువా పక్కన చుట్టి నిలబెట్టిన పెద్ద కాగితం కనిపించింది. దళసరిగా, నున్నగా ఉంది. ఇంతకన్నా మంచిది దొరకదనుకుంది.

"నేనే పోసిన. కాయితమే గదా, తుడుస్తె పోతది."

"ఉత్త కాయితం గాదమ్మా. గడ్చిరోలిల ప్రింట్ తీపిచ్చుకొచ్చిన. ఇంద్రావతి మొత్తం ఉన్నది అందుల."

"ఉంటె మంచిదేనాయె. చాపలు ఆన్నుంచి వచ్చినయే," అంది అరుగు మీద కూర్చుని వక్క కత్తిరిస్తున్న అత్త కనకవ్వ.

"బాపమ్మా, నువ్వు జర ఊకో."

"నేను ఊకున్న. మీ అమ్మకే చెప్పు. నా మంచం పక్కన ఆరబోయద్దంటె ఇనదు. పిల్లులు నా కాళ్లు నాకుతున్నయి."

సుశీలాబాయికి నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. చేపలన్నీ పాత చీర మీదికి మార్చి, కాగితాన్ని తడిగుడ్డతో తుడిచి కూతురి చేతికిచ్చింది. అరుణ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. సిరొంచలోని ఆ ఇంట్లో అలాంటి తగవులు రోజుకు నాలుగు జరిగేవి. ఏదీ అన్నం వేళ దాకా నిలిచేది కాదు.

అరుణ భూగోళశాస్త్రంతో డిగ్రీ పూర్తిచేసి ఏడాదైంది. ఇప్పుడు ఒక సాయం సంస్థ దగ్గర ఆర్నెల్ల శిక్షణలో ఉంది. ఆకాశంలోంచి ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి ఇళ్లు, బాటలు, వాగులు కంప్యూటర్ పటంలోకి ఎక్కించే చదువు అది. వరద వచ్చినా, జ్వరాలు వ్యాపించినా ఏ గూడెంలో ఎన్ని ఇళ్లున్నాయో, ఏ దారిన పోవాలో సాయం చేసేవాళ్లకు ముందే తెలియాలి. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో కూర్చుని ఫొటోలో కనిపించిన ప్రతి కప్పునూ ఒక చదరంగా గీస్తారు. అది ఇల్లా, పశువుల కొట్టమా, గడ్డివామా అన్నది వాళ్లకు తెలియదు. ఈ నేల తెలిసిన వాళ్లు దాన్ని సరిచూడాలి. అరుణ చేసేది ఆ సరిచూపే. "మన బిడ్డకు ఇంద్రావతి ఒడ్డు కంటికి ఎదురుంగ ఉంటది," అని తండ్రి బాబురావు పొలం గట్టు మీద నలుగురికీ చెప్పుకునేవాడు.

సుశీలాబాయి మాత్రం ఆ మాట ఎవరి ముందూ అనేది కాదు. ఆమె మేనమామ మంగయ్య ఒకప్పుడు జిమల్‌గట్ట వైపు అడవి ఊళ్లలో గాజులమ్మేవాడు. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లో, ఏ బాట ఎటు పోతుందో మరిచిపోకుండా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం చూసి ముందు అడవిలోని అన్నలు పట్టుకుని ఎవరి కోసం రాస్తున్నావని అడిగారు. తర్వాత పోలీసులు పట్టుకుని అదే మాట అడిగారు. ఇద్దరూ వదిలేశారు. కానీ మంగయ్య మళ్లీ ఆ దారి తొక్కలేదు. చనిపోయేదాకా ఇంట్లో రాసిన కాగితం ముక్క కనిపిస్తే పొయ్యిలో వేసేవాడు. ఇప్పుడు కాలం మారిందని, అటు రోడ్లు పడ్డాయని, పాతగూడెం దగ్గర వంతెన కూడా వచ్చిందని అందరూ అంటారు. అరుణ కంప్యూటర్ తెరిచి బాటలు గీస్తున్న ప్రతిసారీ సుశీలాబాయికి మాత్రం మామ కళ్లే గుర్తొచ్చేవి.

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. అరుణకు పని నేర్పే ప్రణాలి. మరాఠీ పిల్ల, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడుతుంది. ఆ రోజు నవ్వలేదు. ఫోన్ స్పీకర్‌లో ఉండడంతో మాటలు వంటింట్లోకి వినిపించాయి.

ఇక్కడ ఎండ కాస్తున్నా, ఎగువన బస్తర్‌లో రెండు రోజులుగా వాన. నిన్న సాయంత్రం ఇంద్రావతి పొంగి, పాతగూడెం అవతల ఒడ్డున ఉన్న ఒక చిన్న గూడెంలోకి నీళ్లొచ్చాయి. పడవలు పోయాయి. అరుణ సరిచూసిన పటంలో ఇరవై ఏడు ఇళ్లున్నాయి. పడవ వాళ్లు ఇరవై ఏడు ఇళ్లూ చూసుకుని అందరినీ ఆశ్రమశాల బడికి చేర్చారు. పొద్దున లెక్క చూస్తే మైనీ అనే ఆమె లేదు. ఆమె భర్త రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చున్నాడట గానీ నోరు విప్పలేదు. తెల్లారాక, ఆడవాళ్లెవరూ ఆమెను తీసుకురాలేదని తెలిశాక అప్పుడు చెప్పాడు.

"ఆమె ఇంట్లో లేదంట అరుణా. వాగు పక్కన ఇంకో గుడిసెలో ఉందంట. నీ పటంలో అక్కడ ఏమీ లేదు. పడవ వాళ్లు ఏ గుడిసె అని అడుగుతున్నారు. నీకేమన్నా తెలుసా?"

అరుణ ల్యాప్‌టాప్ తెరిచి, రెండుసార్లు తప్పు మీటలు నొక్కింది. తర్వాత గొంతులో తడి లేకుండా, ఎక్కడో రాసింది చదువుతున్నట్టు చెప్పింది. "ఊరికి తూర్పున. ఆఖరి ఇంటికి నూటయాభై మీటర్లు. చెట్ల కింద. వాగు మలుపు లోపల."

ఫోన్ పెట్టేశాక ఆమె కుర్చీలోంచి లేవలేదు. సుశీలాబాయి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. తెర మీద ముదురాకుపచ్చ చెట్ల గుంపు, దాని అంచున గోరంత బూడిద రంగు మచ్చ.

"ఇదేనా?"

"ఇదే. ఎవలో దూరదేశపామె దీని మీద చదరం గీసింది. నేనే తుడిచేసిన."

"ఎందుకు తుడిచినవ్?"

"ఆమెకు తెల్వదు. నాకు తెలుసు గదా అదేందో." అరుణ అమ్మ వైపు చూడలేదు. "కుర్మ ఇల్లు."

సుశీలాబాయి కుర్చీ వెన్ను పట్టుకుంది. అడవి గూడేల్లో నెలసరి వచ్చిన ఆడవాళ్లు ఆ నాలుగైదు రోజులు ఊరి బయట ఉండే గుడిసె అది. ఈ ప్రాంతంలో ఆ సంగతి తెలియని వాళ్లుండరు. దాని గురించి మాట్లాడేవాళ్లూ ఉండరు.

"ఏం రాయాలమ్మా? నేను పంపినంక మల్ల ఒక సారు చూస్తడు. కుర్మ ఇల్లని రాస్తె అదేందని అడుగుతడు. సారుకు ఎట్ల చెప్పాలె? సిగ్గనిపిచ్చింది. 'ఇల్లు కాదు, ఎవరూ ఉండరు' అని రాసి తుడిచేసిన. మూడు నిమిషాలు గూడ పట్టలె."

సుశీలాబాయికి ఏదో ఒకటి అనాలనిపించింది. నీ తప్పేముందనో, దేవుడున్నాడనో. వంటింట్లోకి పోయి, మాడుతున్న పప్పు కింద మంట ఆపింది. పెరటి తలుపు తీసి ఉంది. అక్కడి నుంచి చూస్తే గోడ వారగా రేకుల కొట్టం కనిపిస్తుంది. ఇప్పుడందులో మోటారు, ఎరువు బస్తాలు ఉంటాయి. ఆమె పోయి పెరటి తలుపు మూసింది. సాయంత్రం దాకా దాన్ని మళ్లీ తెరవలేదు.

పొద్దు గడవలేదు. పది దాటాక పడవ బయల్దేరిందన్నారు. పన్నెండింటికి వాగులోకి ఎదురు ప్రవాహం ఉందని, పడవ పోలేకపోతోందని అన్నారు. ఆ తర్వాత సిగ్నల్ లేదు. అరుణ గోళ్లు కొరుక్కుంటూ వాకిట్లో తిరిగింది. కనకవ్వ వక్క కత్తెర పక్కన పెట్టి గోడకేసి చూస్తూ కూర్చుంది. ఏమైందని ఒక్కసారి అడిగింది. చెప్పాక ఇంకేమీ అడగలేదు.

ఒంటిగంటకు బాబురావు మడిలోంచి బురద కాళ్లతో వచ్చాడు. అన్నం కోసం పీట వాల్చుకుంటూ ముగ్గురి ముఖాలూ చూశాడు. సుశీలాబాయి నాలుగు మాటల్లో చెప్పింది. ఆయన పీట మీద కూర్చోలేదు.

"ఆ కంప్యూటర్ మూసెయ్," అన్నాడు.

"బాపూ..."

"మూసెయ్యమన్న గదా. రేపు ఆమెకేమన్న అయితె ఎవల పేరు చెప్తరు? పటం గీసిందెవలంటరు. సిరొంచ పిల్ల, బాబురావు బిడ్డ అంటరు. ఇంతకు ఆ పటం ఎవలెవలు చూస్తరు?"

"ఎవలన్న చూడొచ్చు. అందరికి కనవడేటట్టే ఉంటది."

"అందరికా?" ఆయన గొంతు తగ్గింది. అరిచినప్పటి కన్నా అదే భయం పుట్టించింది. "ఏ అడవిల ఎన్ని ఇండ్లున్నయో, ఏ బాట యాడికి పోతదో అందరికి చూపెడుతున్నవా నువ్వు? మంగయ్య మామ సంగతి నీకు చెప్పలేదా మీ అమ్మ?"

"చెప్పింది. అయినా నేను పోత బాపూ. ఒడ్డు మీద గూడేలన్ని తిరిగి ఏ గుడిసె యాడుందో నేనే చూసి రాస్త. మల్ల ఇట్ల గావద్దు."

"ఫోన్ వట్కొని? ఒక్కదానివి?" ఆ మాట అన్నది సుశీలాబాయి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "వద్దు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత. ఇగ ఇది చాలు. ఇంకేదన్న నౌకరి చూసుకో. నాకు పాణం ఆగుతలేదు."

"నువ్వు గూడ అట్లనే అంటవా అమ్మా?"

"మల్ల ఏమనాలె?" అంది కనకవ్వ అరుగు మీంచి. "అసలు ఆడోళ్ల ముట్టు సంగతులు పటాలల్ల పెడ్తరా యాడన్న? సిగ్గు శరం లేకుంట."

అరుణ తలుపు దాకా వచ్చి నాయనమ్మ ఎదుట నిలబడింది. ఏడుపు ఆపుకుంటున్న ముఖం ఎర్రబడింది. "పెట్టలేదు గదా బాపమ్మా. నువ్వు చెప్పినట్టే చేసిన. పెట్టకపోయేసరికి ఆమె అసలు లేనట్టే అయింది. ఆమెను ఇడిచిపెట్టి పడవ వాపస్ వచ్చింది."

కంచం మీద ఈగ వాలితే సుశీలాబాయి దాన్ని తోలింది. తోలిన చేయి అలాగే గాల్లో ఉండిపోయింది.

"నేను గూడ ఒకపారి లేనట్టే అయిన," అంది.

బాబురావు ఆమె వైపు తిరిగాడు.

"మన పెండ్లయిన రెండో ఏడు ప్రాణహిత ఊళ్లెకు వచ్చింది యాదికున్నదా? నువ్వు ఎడ్ల కోసం చామోర్షి పోయినవ్. మామ బండి కట్టిండు. అందరు ఎక్కి బడి కాడికి పోయిన్రు. నేను ఎనుక రేకుల కొట్టంల ఉన్న. నాకు మూడో దినం."

"నువ్వు మంగయ్య మామ ఇంటికి పోయినవన్నరు గదా?"

"అట్ల చెప్పుమన్నది నేనే. పిలుస్తరు, పిలుస్తరని కూసున్న. పిలువకుంట నేనెట్ల వాకిట్లకు వస్త? బండి చప్పుడు ఇనవడ్డది, తర్వాత ఆగిపోయింది. నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయి. నడుం దాక వచ్చినయి. దూలం వట్కొని డ్రమ్ము మీద నిలవడ్డ. పొద్దు వాలినంక చాపలు వట్టే నావ వచ్చింది. అందుల ఇద్దరు మగోళ్లు." ఆమెకు తర్వాతి మాట చెప్పడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. "నేను ఎక్కాల్నా వద్దా అని ఆలోచన చేసిన. ముట్టు అంటుతది గదా, వాళ్లు ఏమనుకుంటరో అని. నీళ్లు గొంతు కాడికి వచ్చినయి, నేను ఆలోచన చేస్తున్న."

బాబురావు గోడకు చేయి ఆనించాడు. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలె?"

"ఏమని చెప్పాలె? నన్ను మర్చిపోయిన్రని చెప్పాల్నా?"

"మరువలె."

ఆ మాట అరుగు మీంచి వచ్చింది. కనకవ్వ తల ఎత్తలేదు. ముడతలు పడ్డ రెండు చేతులూ ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మరువలె సుశీలా. బండి మలుపు తిరుగంగనే నాకు యాదికొచ్చింది. బండి మీద మీ మామ, ఆయన తమ్ముడు, పటేల్ ఉన్నరు. కోడలు బయట ఉన్నది, కొట్టంల ఉన్నదని మగోళ్ల ముందల ఎట్ల చెప్పాలె? నోరు రాలె. బడి కాడ దిగినంక చెప్తమనుకున్న. దిగినంక నీళ్లు అడ్డమొచ్చినయి. నువ్వు నావల వచ్చేదాంక నేను పచ్చి గంగ ముట్టలె. ఆ దినం కెల్లి నీ మొకం సక్కగ చూసిన్నా నేను? కోపమనుకున్నవ్ నువ్వు. కోపం గాదు."

సుశీలాబాయి ఇరవై నాలుగేళ్లుగా అత్తను కఠినురాలనుకుంది. తను మాట్లాడితే పక్కకు చూసే ఆ చూపుకు అర్థం అదేననుకుంది. ఇప్పుడు కూతురి వైపు చూసింది. సారుకు చెప్పలేక చదరం తుడిచేసిన పిల్ల. మగవాళ్ల ముందు నోరు రాని ముసలమ్మ. నీళ్లు గొంతుకొస్తున్నా నావ ఎక్కనా వద్దా అని ఆలోచించిన తను. ఒక్క ఇంట్లో ముగ్గురు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి తన కోసమా, అత్త కోసమా, ఆ వాగు పక్కన ఎవరో తెలియని మైనీ కోసమా అన్నది తెలియలేదు. పోయి అరుగు మీద అత్త పక్కన కూర్చుంది. ఎవరూ అన్నం తినలేదు.

ఫోన్ నాలుగుంబావుకు మోగింది. అరుణ ఎత్తలేకపోయింది. బాబురావే నొక్కి అవతలి మాట వినడానికి చెవి దగ్గర గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ముఖాన్ని ముగ్గురూ చూస్తున్నారు.

"బతికే ఉన్నది," అన్నాడు. అరుణ అక్కడే నేల మీద కూలబడి బోరున ఏడ్చింది.

ఆయన స్పీకర్ నొక్కితే మిగతా సంగతి ప్రణాలి చెప్పింది. గుడిసె కొట్టుకుపోయింది. మైనీ పక్కనున్న ఇప్పచెట్టెక్కి రాత్రంతా కొమ్మ మీదే ఉంది. ఒళ్లంతా చీమలు కుట్టాయి, జ్వరంతో కాలిపోతోంది. పడవ రెండింటికే చెట్టు కిందికి చేరింది. కానీ ఆమె దిగలేదు. ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపింది. పడవలో ఉన్నవాళ్లంతా మగవాళ్లు. వాళ్లకు అర్థం కాలేదు. చివరికి పడవలో వెనక్కి పోయి ఆశ్రమశాల నుంచి ఊరి ముసలామెను తీసుకొస్తే, అప్పుడు ఆమె చేయి పట్టుకుని దిగింది. రెండు గంటలు అలా పోయాయి. నీళ్లు ఇంకొంచెం పెరిగి ఉంటే చెట్టు కూడా నిలిచేది కాదని పడవ వాళ్లు అన్నారట.

"ఎందుకు దిగలేదో మాకెవరికీ తెలియలేదు," అంది ప్రణాలి ఫోన్‌లో.

సుశీలాబాయి చేయి చాపి భర్త దగ్గర ఫోన్ తీసుకుంది. వచ్చీరాని మరాఠీలో, "నాకు తెలుసు," అంది. ఫోన్ పట్టుకుని పెరటి తలుపు తీసుకుని బయటికి పోయింది. పావుగంట తర్వాత వచ్చింది. ఏం మాట్లాడిందో ఎవరూ అడగలేదు.

దీపాలు పెట్టే వేళకు పొద్దున వండిన అన్నమే నలుగురూ ముందు పెట్టుకున్నారు. మాడిన పప్పు, మామిడికాయ తొక్కు, వేయించిన చేపలు. మొదటి ముద్ద ఎవరూ నోట్లో పెట్టుకోకముందే సుశీలాబాయి మాట ఎత్తింది. ఆగితే మళ్లీ నోరు రాదన్నట్టు తొందరగా చెప్పింది.

"నీళ్లు తీసినంక అరుణ ఒడ్డు గూడేలు తిరుగుతది. ఒక్కతి గాదు, నేను ఎంబడి పోత. ముందుగాల పటేల్‌కు, గూడెం పెద్దలకు చెప్పి, వాళ్లు సరేనంటెనే. కుర్మ ఇల్లు యాడుందంటె మగోనికి చెప్పరు, పెండ్లిగాని పిల్లకు గూడ చెప్పరు. నేనడుగుతె ఆడోళ్లు చెప్తరు. ఆ గుడిసెలు అందరు చూసే పటంల పెట్టద్దని ప్రణాలికి చెప్పిన. పడవ నడిపేటోళ్ల కాడ మాత్రం ఉంటయి. ఆమె ఒప్పుకున్నది."

బాబురావు ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఇంకేం చెప్పినవ్?"

"పడవల ఒక ఆడామె ఉండాలెనని చెప్పిన. ఎవలు వస్తరంటె, మొదలు నా పేరు రాసుకొమ్మన్న."

"నీకు నీళ్లంటె భయం గదా. బాయి కాడికి గూడ పోవు."

"భయమే." ఆమె ఆ సంగతి దాచుకోలేదు. "ఇప్పుడు గూడ అయితున్నది. అడవి అంటె భయం, పోలీసోళ్లంటె భయం, నీళ్లంటె అన్నిటికన్న ఎక్కువ భయం. కని చెట్టు మీద ఉన్నామె నావ ఎందుకు ఎక్కుతలేదో నాకెరుకైనట్టు వాళ్లకు ఎరుక గాదు గదా."

అరుణ అమ్మ మోకాలి మీద చేయి వేసింది. బాబురావు నీళ్ల చెంబు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"పాతగూడెం దాక నేనొచ్చి దింపుత," అన్నాడు. "అవతలికి మీరు పోండ్రి. నేనొస్తె మల్ల ఎవలు నోరు విప్పరు."

కనకవ్వ తన కంచం పక్కకు జరిపింది. వంగి, అన్నం గిన్నె తన వైపు లాక్కుని, గరిటె నిండా అన్నం తీసి కోడలి కంచంలో పెట్టింది. ఆ ఇంటికి కోడలు వచ్చిన నాటి నుంచి ఆమె అలా పెట్టడం అదే మొదలు.

"తిను," అంది, ఈసారి కోడలి ముఖంలోకి చూస్తూ. "పొద్దటి కెల్లి నువ్వు ఏం తినలె."